సున్నపు బట్టీలో రెండో గొంతు

చంద్రగిరి కోట గోడలు దాటి బండిబాటన పోతే ఒక చిన్న పల్లె వస్తుంది. పేరు చెప్పను... ఆ ఊరివాళ్ళతో మాకు ఇప్పటికీ రాకపోకలున్నాయి. ఆ పల్లె కొసన పాడుబడిన సున్నపు బట్టీ ఒకటి ఉండేది. పొద్దుగూకితే ఆ తట్టు మనిషన్నవాడు పోడు, బర్రెను కూడా పోనివ్వరు.

బట్టీలో పని నడిచే రోజుల్లో గోడ కూలి, రాళ్ళు మోసే కూలి మనిషి ఒకతె దాని కింద పడి చచ్చిపోయిందట. నిండు కడుపుతో ఉండిందట. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటాక అక్కడ మూలుగు — పళ్ళు బిగబట్టి మూలిగినట్టు. ఎన్నో ఏళ్ళు ఒక్క గొంతే. తర్వాత, ఉన్నట్టుండి, రెండు గొంతులు. ఒకటి బొంగురుగా, ఒకటి సన్నగా.

ఊరి పెద్దలు ఆలోచించి తేల్చారు. కడుపులో బిడ్డ పెరిగి పెద్దదయిందని, ఇప్పుడు తల్లితో పాటు అదీ మూలుగుతోందని. దెయ్యం కడుపులో బిడ్డ ఏం తిని పెరుగుతుందో ఎవరూ అడగలేదు. అలాంటివి అడిగే మనిషి ఆ ఊళ్ళోకి ఇంకా రాలేదు.

ఆ మనిషి మా పెద్దమ్మ, వకుళాదేవి. పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో తిరుపతిలో డాక్టరు. ఇంటిల్లిపాదీ గుడి కొలువులో ఉంటే, ఆవిడ మూత్రంలో పెరిగే క్రిముల మీద పరిశోధన చేసేది. "మా అమ్మాయి రీసెర్చి చేస్తోంది" అని మా తాత అందరికీ గొప్పగా చెప్పేవాడు. దేని మీద అని అడిగేలోపల వాళ్ళ చేతిలో ప్రసాదం పెట్టేవాడు.

కరెంటు పోయిన రాత్రులు మిద్దె మీద పడుకోబెట్టి ఆవిడ మాకు చెప్పిన కథ ఇది. మా పెద్దమ్మ అబద్ధమాడదు. కాస్త సాగదీస్తుంది, అంతే.

కడుపుతో ఉన్నవాళ్ళకు వచ్చే మూత్రం మంట, చలిజ్వరం — అది ఆవిడ పని. పల్లెలు తిరిగి సీసాల్లో మూత్రం పట్టించి, ఐసు ఫ్లాస్కులో తిరుపతికి తెచ్చి, అందులోని క్రిములను గాజు ప్లేట్లలో పెంచి, ఏ మందుకు చస్తాయో చూసి ఆ మందు ఇచ్చేది. మిగతా పల్లెల్లో తగ్గింది తగ్గినట్టే ఉండేది. ఈ ఒక్క పల్లెలో మాత్రం తగ్గి, మళ్ళీ వచ్చేది.

పై డాక్టరు ధనంజయగారు విసుక్కున్నారు. "మందుకు లొంగని క్రిములు వకుళా. ఆ ఊరిని లెక్కలోంచి తీసేయ్."

"లొంగుతున్నాయి సార్. మన ప్లేట్లలో చస్తున్నాయి. ఊళ్ళో మళ్ళీ పుడుతున్నాయి."

"అయితే ఆ ఊరికి దెయ్యం పట్టిందేమో," అని ఆయన నవ్వారు.

"పట్టుంటే దాని శాంపిల్ కూడా పట్టుకొస్తాను," అందట మా పెద్దమ్మ. కోపం వస్తే ఆవిడ అలాగే మాట్లాడుతుంది.

కోపానికి కారణముంది. బట్టీ పక్కన ఊరి చివరింట్లో వసంత అనే కోడలు పిల్ల ఉండేది. తొలి కానుపు నెలలు నిండకుండానే జరిగిపోయి బిడ్డ దక్కలేదు. ఇప్పుడు రెండోసారి కడుపు. మళ్ళీ అదే మంట, మళ్ళీ నడుములో పోటు. క్రిములు పైకెక్కి మూత్రపిండాలను పట్టుకుంటే ఈ బిడ్డా దక్కదు, తల్లి దక్కడం కూడా అనుమానమే. ఊరినైతే లెక్కలోంచి తీసేయొచ్చు. వసంతను ఎందులోంచి తీసేయాలి?

ఆ రోజు ఆఖరి బస్సును కావాలనే వదిలేసి, పెద్దమ్మ వసంత ఇంట్లో ఉండిపోయింది.

వసంత అత్త మునిరత్నమ్మ గట్టి మనిషి. వేడి సంగటి, కారంగా నూరిన చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. తిన్నాక వసంత కడవ దగ్గరికి పోబోతే చెయ్యి పట్టి ఆపింది.

"దీపాలు పెట్టినాక నీళ్ళేంది మే? తెలీదా నీకు?"

నడి ఎండాకాలం. కారం తిన్న నోరు. వసంత నాలుకతో పెదాలు తడుపుకొని వెనక్కు వచ్చేసింది.

"నీళ్ళు తాగితే ఏమవుతుంది?" అని అడిగింది పెద్దమ్మ.

"తాగితే రాత్రి లేసి పోవల్ల. పోతే ఆ తట్టే గదా పోవల్ల." మునిరత్నమ్మ గొంతు తగ్గించింది. "ఆడ అది ఉండాది డాక్టరమ్మా. కడుపుతో సచ్చింది... కడుపుతో ఉండేదాన్ని వదల్దు. ఈ ఊర్లో మాపటేల ఏ ఆడదీ నీళ్ళు తాగదు. తెల్లారేదాకా బిగబట్టుకుంటాము."

పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. లోపలి క్రిములను కడిగి బయటికి పంపాల్సిన నీళ్ళు తాగనే తాగరు. ఉన్నవాటినేమో రాత్రంతా ఆపేస్తారు. ఇంక ఏ మందు ఎన్నాళ్ళు కాపాడుతుంది?

"నీకెప్పుడైనా మంట వచ్చిందా మునిరత్నమ్మా?"

"ముసిలిదానికి నాకేం రోగం. నా సంగతొద్దులే," అని ఆమె గిన్నెలు తీసుకొని లోపలికి పోయింది.

పెద్దమ్మ వీధి తిన్నె మీద పడుకుంది. ఇంటి మగవాళ్ళు చేను కాపలాకు పోయారు. అత్తాకోడళ్ళు లోపల. పక్కన టార్చిలైటు, తల కింద సీసాల సంచి. ఆ దెయ్యం సంగతేదో ఈ రాత్రే తేల్చాలని ఆవిడ పంతం.

ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఊరు ఊరంతా చప్పుడు లేదు. కుక్కలు కూడా అరవడం లేదు.

అప్పుడు వినబడింది.

"ఊ...మ్..."

బొంగురుగా, నేలలోంచి వస్తున్నట్టు. ఆగింది. మళ్ళీ... "ఊ...మ్... అమ్మా..."

పెద్దమ్మ లేచింది. ఇంటి పక్కగా, జెముడు కంపల మధ్య సందులోంచి నడిచింది. టార్చి వేయలేదు — వేస్తే అది పారిపోతుందని. "నాకేం భయం వేయలేదు" అని ఇప్పటికీ అంటుంది. మరి ఆ దారిలో ఒక చెప్పు వదిలేసి ఎందుకు పోయావంటే మాట మారుస్తుంది. నోట్లో గోవిందనామం దానంతటదే తిరుగుతోందట.

బట్టీ దగ్గరయింది. చీకట్లో గుండ్రటి నల్లటి గోడ. దాని మొదట్లో... తెల్లగా ఏదో ముడుచుకొని ఉంది. జుట్టు విరబోసుకొని ఉంది. ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

పెద్దమ్మ టార్చి నొక్కింది.

అది తల తిప్పింది.

"లైటార్పు డాక్టరమ్మా..."

మునిరత్నమ్మ.

పెద్దమ్మ టార్చి నేలకు దించింది. "నువ్వా? ఏమీ లేదన్నావే."

"మంట తల్లీ. ఎన్నేండ్లో అయింది. ఒంటికి పోతే నిప్పులు పోసినట్టు ఉంటాది. బిగబట్టి బిగబట్టి... ఇంగ ఆగదు. ఇంట్లో మొగోళ్ళు ఇంటారని ఈడికొచ్చి మూలుగుతా."

"నాకైనా చెప్పకూడదా?"

"నువ్వు కడుపుతో ఉండేవోళ్ళకే గదా సీసాలిచ్చేది. నన్నెవురడిగినారు, ఈ మాపు దాకా?"

ఆ మాట పెద్దమ్మకు సూటిగా తగిలింది. అయినా గుండె కుదుటపడి నవ్వొచ్చిందట. "అయితే ఇన్నేళ్ళూ ఊరిని ఆడించిన దెయ్యానివి నువ్వేనా?"

మునిరత్నమ్మ నవ్వలేదు. పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నేనొకతినే అయితే రెండో గొంతు యాడిది?"

"ఏ గొంతు?"

"రెండేండ్లుగా... నేను మూలిగితే, అది ఆ పక్కనుంచి బదులు మూలుగుతాది. అందుకే కోడల్ని ఇంట్లోంచి కదలనీను." ఆమె గుసగుస ఇంకా తగ్గింది. "ఉష్... ఇను."

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

బట్టీ అవతలి పక్కనుంచి... సన్నగా...

"అమ్మా..."

ఈసారి మాత్రం భయం వేసిందని పెద్దమ్మే ఒప్పుకుంటుంది. అయినా గోడను తడుముకుంటూ చుట్టూ తిరిగింది. వెనక ఆవిడ కొంగు పట్టుకొని మునిరత్నమ్మ.

టార్చి వెలుగు గోడ మొదట్లో పడింది. గోడరాళ్ళకు నుదురు ఆనించి, రెండు చేతులా పొట్ట పట్టుకొని ఒక ఆడమనిషి. వెలుగు పడగానే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నన్నేం చెయ్యొద్దు... కడుపులో బిడ్డుండాది..."

వసంత.

"నేను మే," అంది మునిరత్నమ్మ. దగ్గరికి పోయి మళ్ళీ అంది. "నేను. మీ అత్తను."

వసంత కళ్ళు తెరిచి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒళ్ళు జ్వరంతో కాలుతోంది. "నువ్వు లేసి పోయినాకే వస్తా అత్తా. నువ్వొచ్చేలోపల పోయి పండుకుంటా. ఈ పక్క దెయ్యం మూలుగుతానే ఉంటాది... భయమే. మంట ఆగల్యా."

మునిరత్నమ్మ కోడలి చంకలో చెయ్యి వేసి ఇంటికి నడిపించింది. కడవలోంచి చెంబు ముంచి, తానే ఆ పిల్ల నోటికి పట్టింది. వసంత గటగటా తాగింది. అయిపోతే ఇంకో చెంబు ముంచింది.

ఆ రాత్రి మా పెద్దమ్మ దెయ్యాల శాంపిళ్ళు రెండూ సీసాల్లో పట్టింది. తెల్లవారగానే వసంతను బండిలో వేసుకొని తిరుపతి వార్డులో చేర్చింది. ఆంపిసిలిన్ సూదిమందు పడింది, జ్వరం దిగింది. పరిశోధనలో అత్తలకు కూడా సీసాలిచ్చారు. వసంతకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్ల పెళ్ళిలో నేనే వడ్డించాను.

ఇక్కడితో కథ అయిపోవాలి. పెద్దమ్మ మాత్రం ఇక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది.

ఆ తెల్లవారుజామున, బండి కట్టేలోపల, తిన్నె మీద కూర్చొని ఆవిడ మునిరత్నమ్మను అడిగిందట. "రెండో గొంతు వసంతది. మొదటిది నీది. అంటే నువ్వు కాపురానికి రాకముందు ఇక్కడ దెయ్యమే లేదన్నమాట."

"ఎందుకుండదు? నేనొచ్చిన కొత్తలోనూ మూలుగుతాండె. రాత్రిళ్ళు నీళ్ళు తాగొద్దని, ఆ తట్టు పోవద్దని నాకు సెప్పిందే మా అత్త."

మునిరత్నమ్మ బట్టీ వైపు తిరిగింది.

"నేను నిద్రపోయినానని సూసుకోని... ఎనక తలుపు తీసుకోని... మా అత్త ఆ తట్టే పోయేది."