కొసగదిలో మనిషిని తిప్పేదెవరు?

కొసగదికి చెడ్డపేరు వచ్చి మూడేళ్ళయింది. నార్వేలో ఒక చిన్న ఊళ్ళో, సముద్రం ఒడ్డునుండే ఆస్పత్రిలో చివరి గది అది. సొంతంగా ఊపిరి తీసుకోలేని రోగుల్ని ఆ ఆస్పత్రిలో చూసుకుంటారు. సిగ్నే అనే ముసలి నర్సు ఆ గది గుమ్మంలోనే కుప్పకూలి చనిపోయింది. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటితే లోపల ఎవరో నడుస్తారని, ఆవిడ వాడే పచ్చసబ్బు వాసన వస్తుందని... చెప్పుకుంటారు.

గది మాత్రం ఖాళీ కాదు. అందులో ఐవిన్ ఉన్నాడు. ఒకప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఇప్పుడు కండలన్నీ చచ్చిపోయి కళ్ళు తప్ప ఏదీ కదలదు. అలాంటివాణ్ణి రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే ఒంటిమీద పుండు పడి, ఎముక దాకా తొలిచి, ప్రాణం తీస్తుంది.

తోరున్ కొత్త నర్సు. ఆమెకి అక్కడ అదే మొదటి రాత్రి డ్యూటీ. పదకొండింటికి ఐవిన్‌ని కుడిపక్కకి పడుకోబెట్టి, వంటగదిలోకొచ్చి చార్టు తీసింది. ఒంటిగంట, మూడు, ఐదు... అన్నిటికీ ఎదురుగా అప్పుడే సంతకాలున్నాయి.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు సీనియర్ నర్సు ఒడ్వార్, వాఫిల్ అట్టు మీద గోధుమరంగు జున్ను పరుస్తూ. "డ్యూటీ ఎక్కగానే పెట్టేస్తాం. తర్వాత మర్చిపోయే గొడవుండదు."

"మరి తిప్పేదెప్పుడు?"

అతను గొంతు తగ్గించాడు. "అర్ధరాత్రి దాటాక ఆ గదిలోకి ఎవరం పోం, అమ్మాయ్. ఊపిరి యంత్రం మొత్తుకుంటే చూద్దాం. అయినా... ఆయనేమన్నా ఫిర్యాదు చేస్తాడా?"

నోరులేనివాడి మీద జోకు! తోరున్ చార్టు మూసేసింది. పొద్దున్నే పెద్దనర్సుకి చెప్తానంది. చెప్పుకోమన్నాడు. వేళ్ళు నాకి, అవే వేళ్ళతో ఇంకో వాఫిల్ అందుకున్నాడు.

అంతలో పక్కగది రోగికి గొంతులో కఫం అడ్డుపడింది. చేతులు కడుక్కోమని ఒడ్వార్‌కి తోరున్ చెప్పాల్సొచ్చింది. ఇద్దరూ గొట్టం పెట్టి కఫం లాగి, ఆ రోగి ఊపిరి కుదుటపడేసరికి ఒకటిన్నర దాటింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది వాళ్ళిద్దరే. ఇద్దరూ ఆ మంచం వదిలి కదల్లేదు.

అప్పుడు తోరున్ ఒక్కతే కొసగదికి నడిచింది. గుండె దడదడలాడుతోంది. దెయ్యమంటే భయం కాదు... పదకొండింటికి హడావిడిలో తను చూడని ఆ వీపు, ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు ఎవరూ తిప్పక ఎలా ఉంటుందో, చొక్కా ఎత్తితే ఏ పుండు కనిపిస్తుందో అని.

తలుపు తీసింది. యంత్రం బుస్సుమంటోంది. సన్నగా... సబ్బు వాసన.

ఐవిన్ ఎడమపక్కకి తిరిగి ఉన్నాడు.

మోకాళ్ళ మధ్య దిండు, మడమల కింద మెత్త, ముడతలేని పక్క. చొక్కా ఎత్తి చూసింది. వీపు, నడుము, తుంటి — ఎక్కడా ఎర్రటి మచ్చయినా లేదు.

ఆమె అక్షరాల పలక తెచ్చి దీపం వేసింది. వరసగా వేలు పెడుతూ పోతుంటే, కావలసిన అక్షరం దగ్గర అతను కళ్ళు పైకెత్తుతాడు. వాళ్ళు మాట్లాడుకునే పద్ధతి అదే.

"ఎవరు తిప్పారు మిమ్మల్ని?" అంది మెల్లగా.

చాలాసేపు పట్టింది.

"సి... గ్నే."

తోరున్ ఒళ్ళు జలదరించింది. అయినా కోపమే గెలిచింది. దెయ్యాల సాకు ఇక చెల్లదనీ, రేపట్నుంచి ఒడ్వార్‌నీ మిగతావాళ్ళనీ తనే దగ్గరుండి ఈ గదిలోకి తీసుకొస్తాననీ, రెండేసి గంటలకోసారి వాళ్ళచేతే తిప్పిస్తాననీ అతనికి మాటిచ్చింది.

ఐవిన్ కళ్ళు పెద్దవయ్యాయి. అంత భయం ఆమె ఏ రోగి కళ్ళలోనూ చూడలేదు. ఆ కళ్ళు పలకకేసి, ఆమెకేసి, మళ్ళీ పలకకేసి పరుగెత్తాయి. తోరున్ వేలు పెట్టింది. ఒక్కో అక్షరం...

"వద్దు. వాళ్ళ భయం పోతే — వాళ్ళే వస్తారు."