తేనెబండ కింద రాతిగుడిసె

"దిగవే చెల్లె! తాడు నా చేతిల ఉంది!" కొండ అంచు నుంచి బయ్యన్న కేక వేశాడు.

చెంచుల్లో తేనె కొట్టేవాడు తాడు మీద దిగుతుంటే, పైన పట్టుకునేది అతని బామ్మర్దే. తోబుట్టువు పసుపుకుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదులుతాడా! ఈదమ్మ మొగుడు గురవయ్య అప్పటికే తేనెబండ కింది గుహలోకి దిగాడు. ఇప్పుడు ఆమె వంతు.

"బావ కోసమే వదలనోనివి, నన్ను వదుల్తవా అన్నా!" అని నవ్వుతూ ఆమె నల్లమల లోయ మీదికి జారింది.

ఈదమ్మ పట్నం కాలేజీలో చరిత్ర చెబుతుంది. గుడిసె నుంచే గుడి అన్న మాట పుట్టిందని ఆమె ఒక సభలో అంటే, ఓ పెద్దమనిషి పకపకా నవ్వాడు. "గుడిసెల్లో ఉండేవాళ్లకు గుడి ఎక్కడిదమ్మా? రాజులు కట్టిస్తే వచ్చింది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది ఆమెకు. 'తేనెబండ కింద తొలిగుడి, గుంజ మొదట్ల బంగారం' అని అవ్వ పాడిన పాట నిజమని చూపించాకే మళ్లీ ఆ సభ గడప తొక్కుతానని ఒట్టు పెట్టుకుంది.

గురవయ్య కాగడా ఎత్తాడు. కొండను తొలిచిన గుండ్రటి గది! పైకప్పు నిండా వెదురు వాసాలు, గడ్డికట్టలు, నారముడులతో సహా రాతిలో చెక్కారు. నడుమ రాతి గుంజ, దాని ముందు లింగమయ్య. అచ్చం వాళ్లు పుట్టి పెరిగిన గుడిసే. ఈదమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. గబగబా ఫొటోలు తీసింది.

ఇంతలో గురవయ్య గుంజ మొదట్లో మట్టి తోడేశాడు. కింద రాతితొట్టి, దాని పగులులోంచి బంగారం ధగధగ! గడ్డపార పెట్టి పక్కరాయి పెకలించబోయాడు. గుంజ కదిలింది. పైనుంచి పెళ్లలు రాలాయి. తేనెటీగలు జుమ్మని లేచాయి.

"ఆపు! తొట్టి మీదనే గుంజ ఆనింది. తీస్తే గుడి కూలుతది!"

"గింత బంగారమే! ఇడిచిపెడ్తమా?"

"బంగారం రాజుల తాన గూడ ఉంటది. ఇది మన తాన్నే ఉంది!"

గురవయ్య గడ్డపార పారేసి, రెండు చేతులా మట్టి కప్పి గట్టిగా తొక్కాడు.

"గుంజు అన్నా, గుంజు!" ఈగలు మూతులు కుడుతుండగా ఒకరి వెనక ఒకరు పైకి వచ్చి పడ్డారు. బయ్యన్న అరచేతులు నెత్తురోడుతున్నాయి.

"బంగారం దొరికిందా?"

"అక్కడే ఉండనిచ్చినం. దేవునికి తొలుత కట్టిన ఇల్లు మన గుడిసెనే అన్నా! కండ్లారా చూసినం."

బయ్యన్న తలపాగా సరిచేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అట్లయితే ఆ నవ్విన పెద్దమనిషిని రమ్మను, చూపిద్దం. తాడు పట్టనీకె బామ్మర్దిని మాత్రం ఆయననే తెచ్చుకొమ్మను!"