ముత్తాత చావుతో కుదిరిన వరస

"సచ్చినోళ్లంతా ఈడ ఉండారు. మీకు ఎవురు కావల్ల?"

అటక నిచ్చెన మీద నిలబడి, జడకు సాలెగూడు చుట్టుకుని ఆ అమ్మాయి అడిగిన తీరు చూస్తే వాళ్లందర్నీ ఆమే చంపి పేర్చినట్టుంది. చంకలో బూజుపట్టిన రిజిస్టర్ల కట్ట.

అది వడమాలపేట పక్క పల్లె. 1946. ఆమె తండ్రి గోవిందయ్య గారు ఊరి మునసబు. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆయనే రాసుకోవాలి. చూపు మందగించాక ఆ పని కూతురు యశోద మీద పడింది.

నేను తిరుపతిలో వకీలు గుమాస్తాని. పేరు మునికృష్ణ. మా ముత్తాత పోయి యాభై ఏళ్లు దాటినా ఆ ఊళ్లో మా చేను ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పట్టా మారాలంటే ఆయన నిజంగానే పోయాడని సర్కారుకు కాగితం చూపించాలి.

"మా ముత్తాత మునెప్ప," అన్నాను.

"యా సంవత్సరంలో పోయినాడు?"

"కలరా వచ్చిన ఏడు అని మా అవ్వ చెప్పినాది."

"కలరా ఏటేటా వస్తానే ఉండాది. ఇంకేమన్నా గుర్తు చెప్పినాదా?"

"ఆ ఏడు మా ఎనుము ఈనిందంట."

"ఎనుములకు మేం రిజిస్టరు పెట్టలేదు," అంది యశోద, నవ్వకుండా.

అరుగు మీంచి గోవిందయ్య గారు కేకేశారు. "ఇంటిపేరేందప్పా?"

"ఏటిగడ్డ."

ముసలాయన ఎగిరి లేచాడు. "మాదీ అదే గదా! అయితే మా దాయాదివే నువ్వు. యశోదా, అన్నకు కాఫీ తీసకరామ్మా!"

అన్న! ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే. పెళ్లి మాట ఎత్తితే ఊరు ఊరంతా చెప్పులు తీస్తుంది. నిచ్చెన కింద నిలబడ్డప్పుడే నా గుండె జారిపోయింది. ఇంటిపేరు అడిగేలోగా జారడం నాదే తప్పు.

కానీ ఆ పేరు వల్ల ఒక లాభం కూడా కలిగింది. పరాయివాడినైతే వాకిట్లోంచే పంపేసేవాళ్లు. అన్నని కనుక, ప్రతి ఆదివారం రైలు దిగి వచ్చి, అరుగు మీద యశోద పక్కనే కూర్చుని, ఒకే రిజిస్టరులోకి ఇద్దరం తలలు వంచినా ఎవరూ ఏమీ అనలేదు.

"అన్నా, పేజీ తిప్పు."

"అన్నా అనకుండా చెప్పలేవా?"

"మరేమనల్ల? గుమాస్తా దొరా అనల్నా?"

"మునికృష్ణా అను."

"ఛీ, కండ్లు పోతాయి," అని పేజీ తనే తిప్పేది. తిప్పేటప్పుడు ఆమె గాజులు నా చేతికి తగిలేవి. ఎదురుగా మశూచితో పోయినవాళ్లు, పాము కరిచి పోయినవాళ్లు వరుసగా ఉంటే, నేను మాత్రం సిగ్గులేకుండా సంతోషంగా ఉండేవాణ్ణి.

మూడో ఆదివారం వాన. యశోద చదవకుండానే పేజీలు తిప్పేస్తోంది.

"ఏమైంది?"

"బుధవారం బంగారుపాళ్యం వాళ్లు వస్తా ఉండారు. నాయన మాటిచ్చేసినాడు. అన్నవు గదా, నువ్వూ రా. తాంబూలం అందిద్దువు." గొంతు వెటకారంగానే ఉంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

మా ముత్తాతని, ఆయన ఇంటిపేరుని, ఈనిన ఎనుముతో సహా తిట్టుకున్నాను.

అంతలో యశోద వేలు ఒక వరుస మీద ఆగింది.

"ఏటిగడ్డ మునెప్ప. కలరా కాదు, ఎద్దు పొడిచి పోయినాడు. తండ్రి... పొట్టేళ్ల సుబ్బన్న." పగలబడి నవ్వింది. "మీరు పొట్టేళ్లోళ్లా!"

"ఎగతాళి ఆపి మిగతాది చదువు."

"ఇల్లటం," అని చదివింది. నవ్వు ఆగిపోయింది.

మా ముత్తాత ఏటిగడ్డ వారింటికి ఇల్లటపు అల్లుడుగా వచ్చి, మామగారి ఇంటిపేరే పెట్టుకున్నాడన్నమాట. నా ఒంట్లో పారేది పొట్టేళ్ల నెత్తురు. మా అవ్వకు ఇది తెలియకుండా ఉండదు. పొట్టేళ్ల కోడలు అనిపించుకోలేక మింగేసి ఉంటుంది.

"యశోదా, నువ్వంటే నాకు ప్రాణం. మొదటి రోజునుంచీ," అన్నాను.

"నాకు తెలీదా?" అంది, రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా. "నాకు మాత్రం ఇష్టం లేకనా? పో, నాయనకు చూపించు."

గోవిందయ్య గారు పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివారు. "వకీలు గుమాస్తావి. నువ్వే రాసినావేమో ఎవురికి తెలుసు?"

"రాత ఎవరిదో చూడండి."

ఆయన మళ్లీ చూశారు. కోడి గెలికినట్టున్న ఆ అక్షరాలు అప్పట్లో మునసబుగా ఉన్న ఆయన తండ్రివి. అయినా నమ్మకం చాలక కరణం గారింటినుంచి పాత భూమి రిజిస్టరు తెప్పించారు. అందులో ఇంకా స్పష్టంగా ఉంది: ఏటిగడ్డ కుప్పయ్య తన కూతురు అలివేలమ్మకు, ఇల్లటపు అల్లుడు మునెప్పకు ఇచ్చిన చేను.

"అలివేలమ్మ మా తాతకు అక్క," అన్నారు నెమ్మదిగా. "మా తాత అప్పటికి చంటిబిడ్డ. సేద్యం చేసేదానికి మగదిక్కు లేక అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకున్నారంట. మొగుడు పోయినాక ఆమె కొడుకుతో తిరుపతికి ఎలబారిపాయ. అంటే నువ్వు ఆడబిడ్డ వంశం. నాకు అల్లుడి వరస అవుతావు."

"బంగారుపాళ్యం వాళ్లకు మాట ఇచ్చినారు గదా?" అన్నాను భయంగా.

"వరసైన బావ ఉండంగా పిల్లను బయటికిస్తే ఊరు నా మొగాన ఉమ్మేస్తాది. ఆ మాట చెప్తే వాళ్లే ఒప్పుకుంటారు." ఆయన ముఖం విప్పారి, వెంటనే ముడుచుకుంది. "యశోదా! లోపలికి పో!"

అప్పటిదాకా నా పక్కనే నిలబడ్డ యశోద తలుపు చాటుకి తప్పుకుంది.

"మామా, ఇప్పుడేమైంది?"

"ఏమైందంటావా! పెండ్లి కావల్సిన పిల్ల ఎదురుగా కూర్చుంటావా? ముహూర్తం దాకా ఈ గడప తొక్కినావంటే కాళ్లిరగ్గొడతా."

మూడు ఆదివారాలు భుజం భుజం రాసుకుని కూర్చున్నవాణ్ణి. వరస కుదిరిన మరుక్షణమే వానలోకి గెంటేస్తున్నారు. ఇంకొక్క నెల అన్నగానే ఉండుంటే బాగుండేదేమో అని నిజంగానే అనిపించింది.

తలుపు సందులోంచి ఒక గొడుగు బయటికొచ్చింది. దాని వెనకాల గాజుల చెయ్యి.

"రైలు టైమైంది," అంది లోపలి గొంతు. "తడవకుండా పో, బావా."