అమ్మ చూసిన కణాలు

ఇస్త్రీ పెట్టె వేడెక్కింది. కూతురి తెల్లకోటు బల్లమీద పరుస్తూ అమ్మ, "జేబు దగ్గర ఈ మరకేమిటే, చేపపిల్లా?" అంది.

"ఇస్త్రీ చెయ్యొద్దమ్మా. ఇక ల్యాబ్‌కి వెళ్ళను. నిన్ననే మా మేడమ్‌కి చెప్పేశాను."

అమ్మ ఒకప్పుడు ఈత టీచరు. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆమె ఈల విని నీళ్ళలోకి దూకినవాళ్ళే. సొంత కూతురు మాత్రం చాలాకాలం కొలను అంచున కూర్చుని పాదాలు తడుపుకునేది. చేపపిల్ల అన్న పేరు అందుకు అమ్మ చేసిన వెక్కిరింపే. అమ్మ ఒంటిమీది క్లోరిన్ వాసన, తడిజుట్టుకు చుట్టిన తువ్వాలు, ఇంటిదారిలో ఇద్దరూ తుంచుకు తినే బన్ను... ఆ సాయంత్రాలు కూతురికి ఇప్పటికీ నిన్నటివిలాగే గుర్తు. ఆ అమ్మకే అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది.

"నాకోసం మానేశానని మాత్రం అనకు."

"రోజంతా మైక్రోస్కోపులో అవే క్యాన్సర్ కణాలమ్మా. చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. నావల్ల కావట్లేదు."

"జబ్బువల్ల నా పొట్టలో చేరిన నీళ్ళు తీస్తే, వాటిని పరిశోధనకి ఎందుకిచ్చాను? మీలాంటివాళ్ళు చూస్తారనేగా! నువ్వే కళ్ళు మూసుకుంటే ఎలా?"

"నీ దగ్గరుండాలనుకోవడం కూడా తప్పేనా?" కూతురు అరిచింది.

అమ్మ ఇస్త్రీ పెట్టె ఆపేసింది. "పద. నువ్వు చూసేదేమిటో నేనూ చూస్తాను."

అమ్మను లోపలికి తీసుకెళ్తానంటే ల్యాబ్ మేడమ్ కాదనలేదు. మైక్రోస్కోపు కింద పెట్టిన మొదటి గాజుపళ్ళెంలో కణాలు అడుగుకు అతుక్కుని పరుచుకున్నాయి.

"కణం పైన చేతుల్లాంటివి ఉంటాయమ్మా. గ్రాహకాలంటాం. పుట్టినచోటు విడిచిన కణాలు వీటితోనే గుంపు కడతాయి, పొట్ట లోపలి పొరను పట్టుకుంటాయి. పట్టు దొరికాక మందుకి కూడా ఓ పట్టాన చావవు." రెండో పళ్ళెం పెట్టింది. "ఇందులో ఆ చేతుల్ని అడ్డుకున్నాం. ఇదింకా మందు కాలేదులే."

ఇక్కడ కణాలు గుండ్రంగా, విడివిడిగా తేలుతున్నాయి. అమ్మ చాలాసేపు కన్ను తీయలేదు.

"అయితే నేను మళ్ళీ ఈత కొట్టడంవల్ల తిరగబెట్టలేదా?"

"ఏమిటమ్మా అది?"

"మొదటిసారి తగ్గాక, అందరూ వద్దన్నా కొలనులో దిగానుగా. ఒళ్ళు హూనం చేసుకుని నేనే తెచ్చుకున్నానేమోనని..."

కూతురు నిర్ఘాంతపోయింది. ఎన్నో సభల్లో ఈ కణాల గురించి గడగడా మాట్లాడింది. పక్కగదిలో పడుకునే అమ్మకు మాత్రం ఒక్కమాట చెప్పలేదు. "కాదమ్మా, కానే కాదు," అంటూ ఆమె భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మ ఆమె వీపు నిమురుతూ మేడమ్ వైపు తిరిగింది.

"రేపట్నుంచి వస్తుందండీ. నాకు మందెక్కించే రోజుల్లో మాత్రం సెలవివ్వండి. ఇది పక్కనుంటే నాకు ధైర్యం."