తాకితే పలికే పువ్వు

"దొంగ నగల జోలికి పోలేదండీ. మా ఆయన గొంతు పట్టుకుపోయాడు," అంది వచ్చినావిడ, ఇంకా కూర్చోకముందే.

డిటెక్టివ్ కలం కింద పెట్టాడు. అసిస్టెంటమ్మాయి మంచినీళ్లు అందించింది.

వచ్చినావిడ సర్క్యూట్లు బిగిస్తుంది. అత్తగారు ఎంబ్రాయిడరీ చేస్తుంది. కరెంటు పారే వెండిరంగు దారంతో తెర మీద పువ్వు కుడితే, వేలు తగలగానే వెనకున్న బుల్లి స్పీకరు పలుకుతుంది. ముందుగది తెరలో ఉన్నది కిందటేడు పోయిన భర్త గొంతు. నిన్న అది మూగబోయింది. వెండిదారం పోయి, దాని చోట మామూలు బూడిదరంగు దారం ఉంది.

"ఎవరిమీదైనా అనుమానమా?"

"మా ఆడపడుచు. తెర తీసెయ్యమని ఒకటే పోరు."

"అత్తగారు?"

"ఆవిడా! కన్నకొడుకు గొంతు చెరిపేస్తుందా?"

ఆ మధ్యాహ్నమే డిటెక్టివ్ వాళ్లింట్లో తెరకి భూతద్దం ఆనించాడు. గుడ్డకి చిన్న గాటు లేదు. పాత రంధ్రాల్లోంచే కొత్త దారం దూరింది.

"వదిన పొద్దస్తమానం దీని ముందే కూచుంటోంది. చూళ్లేక తీసెయ్యమన్నా, అంతే," అంది ఆడపడుచు. ఆమె జాకెట్టు చేతికి ఊడిన గుండీ బదులు పిన్నీసు ఉంది.

"స్పీకరు బాగానే ఉందిగా? ఒకసారి పలికించండి," అన్నాడు డిటెక్టివ్.

కోడలు తీగ కలిపింది.

"వచ్చేశా, తలుపు తియ్యండర్రా!"

వంటింట్లో గిన్నె కిందపడింది. అత్తగారు మోకాలు పట్టుకుని గబగబా వచ్చి, ఎవరివైపూ చూడకుండా గడియ మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయింది.



డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టాడు. "ఇంత పొందిగ్గా విప్పి కుట్టింది గుండీ కూడా కుట్టుకోని మనిషి కాదు. ఆ పువ్వు కుట్టిన చెయ్యే. ఎందుకో ఇప్పుడే చూశాం. రోజుకి ఎన్నిసార్లు లేస్తారమ్మా?"

"కోడలు ఎన్నిసార్లు తాకితే అన్నిసార్లు. వాడు రాడని నాకు తెలుసు, బాబూ. ఈ కాళ్లకే తెలీదు."

"ఒక్కమాట చెప్పొచ్చుగా, అత్తయ్యా!" అంది కోడలు.

"నీకు మిగిలిందే అది. వద్దని ఏ నోటితో చెప్పనే?"

ఆవిడ కొంగుముడి విప్పింది. అట్టముక్కకి చుట్టిన వెండిదారం, పోగు తెగకుండా ఉంది.

కోడలు కళ్లు తుడుచుకుంది. "తెర మీద వద్దు. దిండు మీద కుట్టండి. చెవి ఆనించినవాళ్లకే వినపడేలా నేను సౌండు తగ్గిస్తా."

అత్తగారు దారాన్ని నిమురుతూ కూర్చుంది.

"రెండు దిండ్ల మీద కుట్టనా?" అంది చివరికి.