జీవమ్మ చెప్పని మాట

‘హరి ఈ కంబంలోనూ ఉన్నాడు’ అని ఒక పసివాడు అన్న మాట వమ్ము కాకూడదని కంబం చీల్చుకొని వెలసిన అహోబల నరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఆ స్వామి దయతో, మాటను గురించిన ఈ చిన్న కథ మొదలుపెడదాం.

మధ్యాహ్నపు గంట కొట్టి అరగంటైంది. కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెబడిలో ఐదో తరగతి పిల్లలు నాపరాతి బండల మీద వరుసగా కూర్చున్నారు. పాఠం చదువుతున్న ఆనందం అయ్యవారు ఒక వాక్యం దగ్గర ఆగారు. ఆయన బందరు వైపు నుంచి ఈ ఊరికి వచ్చి రెండు నెలలే అయింది.

“‘మంత్రి దొంగల ఆట కట్టించాడు’ అని ఉంది. అంటే, వాళ్ల ఆగడాలు ఇక సాగకుండా చేశాడు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెప్పగలరా?”

ఏ ప్రశ్నకైనా మొదట లేచే పిల్ల గురమ్మ. ఆ రోజు ఆమెకంటే ముందు వెనక వరుసలోంచి సుంకప్ప లేచాడు. వాళ్ల నాయన ఊరి మేకలు మేపుతాడు. సుంకప్ప బడిలో నోరు తెరవడమే అరుదు.

“పులి మేక ఆటలోంచి సార్. పులి కదలకుండా మేకలు సుట్టుకుంటే ఆట కట్టినట్టు.”

“మేకలు మేపేటోనికి యాడ సూసినా మేకలే!” అంది గురమ్మ.

తరగతి అంతా ఘొల్లుమంది. సుంకప్ప తల దించుకొని కూర్చున్నాడు.

అయ్యవారు అందరినీ కసిరి, గురమ్మ వైపు తిరిగారు. “సరే, నువ్వు చెప్పు.”

గురమ్మకు నిజంగా తెలియదు. కానీ లేచి నిలబడ్డాక తెలియదని చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

“వీధినాటకం అయిపోతానే తెరను తాడుతో కట్టేస్తారు గదా సార్. ఆట అయిపోయినట్టు లెక్క. అందుకే ఆట కట్టింది అంటారు.”

“ఎవరు చెప్పారమ్మా నీకు?”

“మా అవ్వ సార్.”

అయ్యవారి ముఖంలో గౌరవం కనిపించింది. గురమ్మ వాళ్ల అవ్వ జీవమ్మ ఏకాదశి నాడు భాగవత పద్యాలు పుస్తకం చూడకుండా చదువుతుంది. ఆమె ఒక మాట అన్నదంటే ఊళ్లో ఎవరూ మారుమాట ఆడరు.

“నేను చదరంగంలోంచి వచ్చిందనుకున్నాను. జీవమ్మగారు చెప్పారంటే కారణం ఉండే ఉంటుంది,” అంటూ ఆయన ఆ వివరణను నల్లబల్ల మీద రాశారు. కింద ‘జీవమ్మగారి మాట’ అని చేర్చారు. ఇరవై ఆరుమంది పిల్లలు దాన్ని నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. సుంకప్ప కూడా రాసుకున్నాడు.

“రేపు ఆవిడను బడికి పిలుస్తాను. ఆమె నోటనే విందాం,” అన్నారు అయ్యవారు.

గురమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి జీవమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. అరుగు బండలో పులి మేక గీతలు చెక్కి ఉన్నాయి. మూడు పెంకు ముక్కలు పులులు. పదిహేను చింతగింజలు మేకలు.

“రామ్మే, ఒక ఆట ఆడుదాం.”

గురమ్మ ఎప్పటిలాగే పులులు తీసుకుంది. నాలుగు మేకలను దాటి తినేసింది కూడా. అవ్వ తొందరపడలేదు. ఒక్కొక్క చింతగింజను జరుపుతూ పోయింది. కాసేపటికి మూడు పులుల చుట్టూ దారులన్నీ మూసుకుపోయాయి.

“కట్టింది ఆట,” అంది అవ్వ.

వందసార్లు విన్న మాటే. ఈసారి గురమ్మ ఉలిక్కిపడింది.

“పులికి బలం శానా ఉండాది. తిరిగేకి తావు లేకుంటే ఏం జేస్తాది? చదరంగంలో రాజు గతీ ఇంతే.” జీవమ్మ గింజలు ఏరుతూ మామూలుగానే అడిగింది. “మీ అయ్యవారు కనపడి రేపు బడికి రమ్మన్నాడు. నేను నీకేందో చెప్పినానంట. ఏం చెప్పినానే?”

గురమ్మ జరిగినదంతా చెప్పింది. సుంకప్పను చూసి నవ్విన సంగతి కూడా దాచలేదు.

“రేపు నువ్వు రావద్దవ్వా. జరమొచ్చిందని చెప్తా.”

“లేని జరం నేను యాడ తెచ్చుకునేది? వస్తా. అడిగితే ఉన్నదే చెప్తా.” అవ్వ చింతగింజలను బుడ్డిలో పోసింది. “ఈ ఆట నాకు నేర్పించింది ఎవరనుకున్నావు? సుంకప్ప వాళ్లవ్వ గంగక్క. నీ అంత ఉన్నప్పుడు, ఈ అరుగు మీదే.”

ఆ తర్వాత ఆమె ఆ ప్రస్తావనే తేలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది గురమ్మకు.

మరునాడు జీవమ్మ చింతగింజల బుడ్డి చేతపట్టుకొని బడికి వచ్చింది. అయ్యవారు ఆమెకు తన కుర్చీ వేశారు. ఆయన ప్రశ్న మొదలుపెట్టకముందే గురమ్మ లేచింది.

“సార్, అది మా అవ్వ చెప్పలేదు. నేనే కల్పించినా. సుంకప్ప చెప్పిందే నిజం.”

గురమ్మ నల్లబల్ల దగ్గరికి వెళ్లి తన వివరణను తుడిచింది. అవ్వ పేరును రెండుసార్లు తుడిచింది. సుద్దముక్క తీసుకెళ్లి సుంకప్ప ముందు పట్టింది.

“నిన్న నవ్వినావు గదా,” అన్నాడు వాడు, సుద్దముక్క వైపే చూస్తూ.

“నవ్వినా. తప్పు నాదే. సార్‌కు ఆట తెల్దు, గీసి సూపించు.”

సుంకప్ప అయ్యవారి వైపు చూశాడు. ఆయన తల ఊపి, తానే వచ్చి బండ మీద కూర్చున్నారు. సుంకప్ప నల్లబల్ల దగ్గరికి పోలేదు. అక్కడే నాపరాతి మీద తడబడకుండా గీతలు గీశాడు. పిల్లలు నోటుపుస్తకాల్లో పాత వాక్యాన్ని కొట్టేసి చుట్టూ మూగారు.

“పులులు ఎవురికి?” అన్నాడు సుంకప్ప.

గురమ్మ అవ్వ బుడ్డిలోంచి చింతగింజలు ఒళ్లో పోసుకుంది.

“నీకే. మేకలు నాకు.”

ఈ కథ విన్న పిల్లల మాట కంబమంత గట్టిగా నిలుచుగాక. వినిపించిన ఇంట, విన్న ఇంట నరసింహస్వామి చల్లని చూపు ఉండుగాక.