మలాబా గేటు దగ్గర ఏడో లారీ

కంట్రోల్ రూమ్ ఆపరేటర్ శవం ఉదయం ఏడింటికి మలాబా వంతెన కింద దొరికింది. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్‌లో రెండే ముక్కలు: "గ్రీన్ అబద్ధం."

పదింబావుకి ఏజెంట్ ఒకిరోర్ సరిహద్దు గేటు పక్కన చపాతీలు కాలుస్తున్నాడు. నెత్తిన మాసిన టోపీ, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్, పిండి డబ్బా మూత లోపల చిన్న స్క్రీన్.

"అల్లం ఉందా?" ఇయర్‌పీస్‌లో కల్నల్ క్యోముహెండో గొంతు, గుర్తుమాటతో.

"నిన్ననే అయిపోయింది, మేడమ్."

"విను. పదకొండింటికి ముగ్గురు మంత్రులు ఈ డిజిటల్ గేటు ప్రారంభిస్తారు. మొంబాసా రేవు నుంచి తొమ్మిది లారీలొస్తున్నాయి. కంటెయినర్ తలుపుకి వేసిన ఎలక్ట్రానిక్ సీల్ గ్రీన్ చూపిస్తే తనిఖీ లేదు, గేటు దానంతటదే లేస్తుంది. అందులో ఒకదాంట్లో బాంబుంది, గేటు పూర్తిగా లేస్తే పేలుతుంది. రేవు ముఠా పని."

సరుకు రేవులో ఎన్నాళ్ళు కుళ్ళితే అన్నాళ్ళూ గోదాము అద్దె పిండుకునే విదేశీ ముఠా అది.

"అన్నీ ఆపేస్తే?"

"గుంపులోంచి చూస్తున్న ముఠావాళ్ళెవరో అక్కడే పేల్చేస్తారు. నాలుగొందల మంది ఉన్నారు. గేటు పేలిందంటే మళ్ళీ పాత క్యూలే."

పాత క్యూ సంగతి ఒకిరోర్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. లారీ డ్రైవరైన అతని నాన్న ఇదే రోడ్డు మీద, క్యూలో నాలుగో రోజున, మలేరియాతో పోయాడు. ముందు లారీలు కదిలినా ఆ లారీ కదలకపోతే గాని వెనకవాళ్ళకి తెలియలేదు.

"రెండు గుడ్లేసి చుట్టు, అన్నా."

పసుపు రంగు సూటు, నల్లకళ్ళద్దాలు. ఓడీల్. ఈ సిస్టమ్ రాసింది ఆమే. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ కల్నల్‌కి కబుర్లు మోస్తున్నదీ ఆమే. వంగి మెల్లగా అంది: "మూడో లారీ. పక్కకి లాగించు. మిగతావి క్లీన్."

ఇంత తేలిగ్గానా? ఒకిరోర్ గుడ్డు కొడుతూనే డబ్బా మూత ఎత్తాడు. స్క్రీన్ మీద తొమ్మిది జీపీఎస్ దారులు. మూడోదాంట్లో ఏ తేడా లేదు. ఒక్కొక్కటే జరిపాడు. టింబొరోవా కొండ దిగుడు దగ్గర వేలు ఆగింది.

ఆ దిగుడులో ఎనిమిది లారీల వేగం తొంభై దాటింది. డీజిల్ మిగుల్చుకోవడానికి ఈ రోడ్డు మీద ప్రతి డ్రైవరూ అక్కడ గేరు న్యూట్రల్‌లో వేసి బండిని వదిలేస్తాడు. నాన్న కూడా వదిలేవాడు. ఏడో లారీ మాత్రం గంటసేపు సరిగ్గా యాభై మీద దిగింది.

అంత బుద్ధిమంతుడు ఈ రోడ్డు మీద పుట్టలేదు. ఆ గంట లారీ కొండ మీద లేదు, ఏదో షెడ్డులో ఉంది. ఈ దారి ఎవరో కూర్చుని రాసింది. రాయగల మాస్టర్ కీ ఉన్నది సిస్టమ్ రాసిన ఓడీల్ ఒక్కదానికే; అంటే గుంపులోంచి చూస్తున్నదీ ఆమే.

పది యాభై ఎనిమిది. నంబరు ఏడైనా అన్నిటికంటే ముందు ఆ లారీయే గేటు ముందుకొచ్చి ఆగింది. ఓడీల్ కారు వైపు నడుస్తోంది.

"మేడమ్, చపాతీ!"

ఆమె తిరిగేసరికి ఒకిరోర్ ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని లారీ వెనక్కి ఈడ్చాడు. బేడీ ఒక కొస ఆమె మణికట్టుకి, రెండోది కంటెయినర్ తలుపు కడ్డీకి.

"పిచ్చా నీకు? బాంబు మూడోదాంట్లో!"

"అయితే ఇక్కడ భయమెందుకు? గేటు లేచేదాకా కబుర్లు చెప్పుకుందాం."

"తాళం తియ్యి!"

"తాళంచెవి ఇంటిదగ్గర మర్చిపోయా."

గేటు స్తంభం మీద గ్రీన్ వెలిగింది. మంత్రులు చప్పట్లు కొట్టారు. ఓడీల్ రెండో చేత్తో ఫోన్ లాగింది. మాస్టర్ కీ తెరవడానికి బొటనవేలు అదిమింది. ఒకసారి తప్పింది. రెండోసారి తగిలింది.

సీల్ ఎర్రబడింది. లేవబోయిన గేటు జానెడు ఎత్తులో ఆగిపోయింది.

బాంబు స్క్వాడ్ బాంబున్న పెట్టె దించుకుని, ఏడో లారీని, దాని డ్రైవర్‌ని, ఓడీల్‌ని తీసుకుపోయింది. గేటు మళ్ళీ తెరవబోతుంటే వెనక లారీలోంచి డ్రైవర్ వఫూలా తల బయటపెట్టి అరిచాడు:

"ఏం బాస్, మూడు నిమిషాల్లో పంపేస్తామన్నారు! నలభై అయింది! ఇదేనా మీ డిజిటల్?"

మలాబాలో నలభై నిమిషాలకే ఒక డ్రైవర్‌కి కోపం రావడం ఒకిరోర్ చూడటం అదే మొదటిసారి.